జేసీబీ రాకముందే

ఇంటి వెనకాల అడవిలో కట్టడాలు లేస్తాయని తెలిసిన రోజున ఎవరికైనా ముందు వచ్చేది కోపం. ఆ కోపం న్యాయమైనదే, కానీ దానికి ఆయుష్షు తక్కువ. మొదటి వారం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోతుంది. రెండో వారం కొవ్వొత్తుల ర్యాలీ. మూడో వారానికి గ్రూపులో మళ్లీ నీళ్ల ట్యాంకర్ సంగతి, పార్కింగ్ గొడవ. భూమి కావాలనుకున్నవాళ్లకు మాత్రం ఓపిక ఎక్కువ. వాళ్ల ఫైలు ఇరవై ఏళ్లు నిద్రపోయి కూడా మళ్లీ లేవగలదు. అందుకే ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒకటే. ఇరుగుపొరుగు కలిస్తే ఒక అడవిని నిలబెట్టుకోగలరు, కానీ అది యంత్రాలు వచ్చిన రోజున మొదలుపెట్టే పని కాదు. యంత్రాలు వచ్చేనాటికి మన చేతిలో ఏ రుజువులున్నాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. మాదాపూర్ నుంచి కోకాపేట దాకా ఐటీ కారిడార్‌లో కాపురముంటున్నవాళ్లు ఇందుకు ఉదాహరణ కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు, కంచ గచ్చిబౌలి పక్కనే ఉంది.

1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఏర్పడినప్పుడు ఊరికి దూరంగా కంచ గచ్చిబౌలిలో బండలూ పొదలూ నిండిన 2,300 ఎకరాల బీడు భూమిని దానికి కేటాయించారు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఆ దూరం చెరిగిపోవడం మొదలైంది. 2004లో ఈ భూమిలోంచి 400 ఎకరాలను క్రీడా సౌకర్యాల పేరిట ఐఎంజీ భారత అనే ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. 2006లో తర్వాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. కేసు పద్దెనిమిదేళ్లు సాగింది. 2024 మార్చిలో హైకోర్టు, మే నెలలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన తేల్చాయి. తర్వాత ఆ 400 ఎకరాలు తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, అంటే టీజీఐఐసీ చేతికి వెళ్లాయి. ఐటీ పార్కులు వస్తాయని, 50,000 కోట్ల పెట్టుబడి, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెప్పింది. 2023 వేలంలో పక్కనున్న కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పలికిన సంగతి గుర్తుంటే, ఈ 400 ఎకరాల మీద ఎందరి కళ్లు ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు. 2025 మార్చి 30న, ఉగాది నాడు, వరస సెలవుల మధ్య జేసీబీలు లోపలికి దిగాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసులు ఎత్తుకెళ్లారు. పగలూ రాత్రీ చెట్లు కూలాయి.

ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో జరిగినది ప్రతి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. పిటిషన్లు పడడంతో ఏప్రిల్ 2న హైకోర్టు పనులు ఆపమంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్‌ల ధర్మాసనం హైకోర్టు రిజిస్ట్రార్‌ను అప్పటికప్పుడు అక్కడికి వెళ్లి చూసి నివేదిక ఇవ్వమని పంపింది. భారీ యంత్రాలతో సుమారు 100 ఎకరాలు నేలమట్టమయ్యాయని, అక్కడ నెమళ్లూ జింకలూ పక్షులూ కనిపించాయని రిజిస్ట్రార్ నివేదించారు. ఆదేశాలు తప్పితే ప్రధాన కార్యదర్శినే వ్యక్తిగతంగా బాధ్యుణ్ని చేస్తామని కోర్టు హెచ్చరించింది. ఏప్రిల్ 16న ఆ 100 ఎకరాలను మళ్లీ ఎలా నిలబెడతారో ప్రణాళిక చెప్పమంది. మే 15న, అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ గవాయ్, సెలవులు చూసుకుని ముందే అనుకుని చేసిన పనిలా ఉందని నిలదీశారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. భూమి ఎవరిదన్న ప్రశ్నలో యూనివర్సిటీ పక్షం బలంగా లేదు. యాభై ఏళ్లు గడిచినా ఆ భూమి దాని పేరుమీదకు బదిలీ కాలేదు. 2024 జూలైలో హద్దుల సర్వే జరిగిందని టీజీఐఐసీ, జరగలేదని యూనివర్సిటీ, రెండూ బహిరంగంగానే వాదులాడుకున్నాయి. పోరాటమంతా యాజమాన్యం మీదే నడిచి ఉంటే బహుశా మొదటి వారంలోనే ముగిసిపోయేది. సుప్రీంకోర్టు పట్టుకున్నది వేరే ప్రశ్న. ఈ చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకున్నారా? అంత తొందర ఏమొచ్చింది? ఈ తేడా తెలియక మన కాలనీల్లో ఎన్నో పోరాటాలు మొదట్లోనే చతికిలపడుతున్నాయి. 'అది సర్కారు భూమి, మనమేం చేయగలం' అని ఒకరు, 'అది పట్టా భూమి, ఓనర్ ఇష్టం' అని మరొకరు నిట్టూరుస్తారు. భూమి మీద హక్కు ఒకటి, ఆ భూమిని ఏం చేయవచ్చన్నది ఇంకొకటి. మొదటిదానిలో మీకు చోటు లేకపోవచ్చు. రెండోదానిలో ప్రతి పౌరుడికీ చోటుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. పట్టా ఎవరి పేరున ఉన్నా సరే, ఆ అనుమతి ఎక్కడని అడగవచ్చు.

అడగడం ఒక ఎత్తు, అక్కడ కాపాడాల్సినది ఏదో ఉందని చూపించడం ఇంకో ఎత్తు. అక్కడేమీ లేదు, వట్టి పొదలూ రాళ్లే అన్న మాట అధికారంలో ఉన్నవాళ్ల నోట చాలాసార్లు వినిపించింది. ఆ మాట నిలబడకపోవడానికి కారణం ఆ వారం చేసిన నినాదాలు కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి విద్యార్థులూ, అధ్యాపకులూ, పక్షుల్ని చూసే అలవాటున్న నగరవాసులూ అక్కడ తిరుగుతూ రాసుకున్న లెక్కలు. 200కు పైగా పక్షి జాతులు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు, పీకాక్ లేక్, బఫెలో లేక్, పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన బండ, హైదరాబాద్ పేరే పెట్టుకున్న మరిసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు. వీటి వివరాలు తేదీలతో, ఫొటోలతో, పరిశోధన పత్రాలతో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటిని పోగుచేసినవాళ్లలో చాలామందికి ఇదంతా ఒకరోజు కోర్టుకు వెళుతుందని తెలియదు. ఇష్టంతో చేశారు. ఆ ఇష్టమే రుజువైంది.

కాబట్టి మీ పక్కనున్న అడవి గురించి మీరు నేర్చుకోవాల్సిన మొదటి పని చూసినదాన్ని రాసిపెట్టుకోవడం. ఎలా రాయాలో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే 'అక్కడ చాలా నెమళ్లున్నాయి' అన్న వాక్యం ఎవరికీ పనికిరాదు. ఏ తేదీన, ఏ గంటకు, ఏ వైపు నుంచి చూశారు, ఎన్ని కనిపించాయి, గుడ్లున్నాయా, పిల్లలున్నాయా, నీటి గుంటలో అప్పటికి నీళ్లున్నాయా, ఎండిపోయాయా. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి, ఎప్పటికీ కదలని ఒక పెద్ద బండో, కరెంటు స్తంభమో కూడా పడేలా ఫొటో తీయాలి. అప్పుడు వచ్చే ఏడాది అదే చోట నిలబడి తీసిన ఫొటోతో పోల్చవచ్చు. తీసిన ఫొటోను వాట్సాప్‌లో పంపితే అందులో ఉండే తేదీ, స్థలం వివరాలు చెరిగిపోతాయి, అందుకే అసలు ఫైలును విడిగా దాచాలి. ఆకురాలు కాలంలో ఎండినట్టు కనిపించే పొద వానాకాలంలో ఎలా ఉంటుందో చూపించడానికి ఏడాదిలో నాలుగుసార్లయినా అదే చోటికి వెళ్లాలి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు దొరుకుతాయి. ఎక్కడెక్కడ పచ్చదనం తగ్గుతూ వచ్చిందో, ఏ ఏడాది ఏ మూల మట్టి పోశారో వాటిలో తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు వేసవి సెలవుల్లో ఈ పని అప్పజెప్పినా చేయగలరు.

రుజువు విలువ తెలిసినవాళ్లు అబద్ధానికి భయపడాలి. కంచ గచ్చిబౌలి వివాదం వేడిగా ఉన్న రోజుల్లోనే కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు, వీడియోలు సోషల్ మీడియాలో తిరిగాయి. జేసీబీల ముందు జింకలు, నెమళ్లు. పోలీసులు కేసులు పెట్టారు, వాటిని పంచుకున్న ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి కూడా నోటీసు వెళ్లింది. ఆ బొమ్మలు చేసినవాళ్లలో కొందరి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ వాటివల్ల జరిగిన నష్టం పెద్దది. నిజంగా కూలిన చెట్ల గురించి మాట్లాడాల్సిన రోజుల్లో చర్చంతా దొంగ జింకల మీదికి మళ్లింది. నిజమైన జింకలు అక్కడ ఉన్నాయి, నరికివేత జరిగిన కొద్ది రోజులకే ఒక చుక్కల జింక కుక్కల దాడిలో చనిపోయింది కూడా. నిజం చేతిలో ఉన్నవాడికి దొంగ బొమ్మతో పనేముంది? మీ గ్రూపులో ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో చెప్పలేని ఫొటో గ్రూపు దాటి బయటికి వెళ్లకూడదు. ఎంత కదిలించే ఫొటో అయినా సరే.

తర్వాతిది కాగితాల పని. విసుగు పుట్టించేదే, కానీ దీన్ని తప్పించుకునే దారి లేదు. ముందు ఆ భూమి సర్వే నంబరు తెలుసుకోవాలి. రెవెన్యూ రికార్డులో దాన్ని ఏమని రాశారో, హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ కింద చూపారో చూడాలి. అది అటవీ శాఖ దగ్గర ఏమని నమోదైందో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు వేయాలి. ఇక్కడ ఇల్లు కొన్నవాళ్లకు కూడా తెలియని నిబంధన ఒకటుంది. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే నిర్మాణాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి, కానీ ఇళ్ల ప్రాజెక్టులకు, టౌన్‌షిప్‌లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అంటే ఫ్యాక్టరీకో గనికో అయినట్టు ఊరి మధ్య షామియానా వేసి మీ అభిప్రాయం చెప్పమని ఎవరూ పిలవరు. మీ ఇంటి పక్కన ముప్పై అంతస్తులు లేవబోతున్నా, ఆ సంగతి పర్యావరణ అనుమతుల వివరాలుండే పరివేశ్ పోర్టల్‌లో ఎవరో ఒకరు వెతికితేనే తెలుస్తుంది. అనుమతి ఇచ్చాక జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు వేయడానికి 30 రోజులే గడువు, తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. అది దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా గడప దాటదు. తెలంగాణ కేసులు ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్తాయి. కాబట్టి అసోసియేషన్‌లో ఒకరు నెలకోసారి పరివేశ్‌నీ, తెలంగాణ రెరా వెబ్‌సైట్‌నీ తెరిచి చుట్టుపక్కల సర్వే నంబర్ల మీద ఏం వచ్చిందో చూడటం లిఫ్టు మెయింటెనెన్స్ అంత మామూలు పని కావాలి. ఐటీ కొలువుల్లో రోజంతా డాష్‌బోర్డులు చూసేవాళ్లకు ఇది పెద్ద కష్టమేమీ కాదు.

కాలం విలువ తెలియాలంటే ముంబై ఆరే కాలనీ సంగతి చూడాలి. 2019 అక్టోబరు 4న బొంబాయి హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆ రాత్రే రంపాలు మోగాయి. అక్టోబరు 7న ఒక న్యాయ విద్యార్థి రాసిన లేఖను పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు ఆపమనే సరికి మెట్రో షెడ్డు కోసం 2,000కు పైగా చెట్లు నేలకూలి ఉన్నాయి. రెండు రోజుల పని. కంచ గచ్చిబౌలిలోనూ అంతే, కోర్టు కదిలేలోగా 100 ఎకరాలు పోయాయి. సెలవులు, వారాంతాలు, పండగలు, కోర్టు తీర్పు వెలువడిన సాయంత్రం, ఇవే యంత్రాలకు అనువైన ముహూర్తాలు. ఆ రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలి, పిటిషన్ ముసాయిదా ఎవరి దగ్గరుంది, వకాలత్ మీద ఎవరు సంతకం పెడతారు అన్నది ముందే తేలి ఉండాలి. అర్ధరాత్రి లాయర్ కోసం వెతకడం మొదలుపెడితే తెల్లారేసరికి చెట్లు ఉండవు.

ఇప్పుడు ఎదుటివాళ్ల వాదనల దగ్గరికి వద్దాం. వాటిలో కొన్ని బలమైనవి, వినకుండా కొట్టిపారేయకూడదు. మొదటిది, 'అది అడవే కాదు' అన్నది. కంచ గచ్చిబౌలి రెవెన్యూ రికార్డుల్లో కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీగా ఉంది, అటవీ శాఖ రిజర్వ్ ఫారెస్ట్‌గా ఎక్కడా లేదు, కాబట్టి అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. పైకి తిరుగులేనిదిగా కనిపిస్తుంది. కానీ 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సమస్యనే తేల్చింది. అడవి అంటే నిఘంటువులో ఏ అర్థముందో ఆ అర్థంలో తీసుకోవాలి, యజమాని ఎవరైనా సరే అంది. 2023లో పార్లమెంటు అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి ఆ పరిధిని కుదించింది. దాన్ని సవాలు చేసిన కేసులో 2024 ఫిబ్రవరిలో కోర్టు, రాష్ట్రాలు ఆ పాత అర్థాన్నే పాటించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2025 మార్చి 4న, అలాంటి అడవులను గుర్తించడానికి నెలలోగా నిపుణుల కమిటీలు వేయమని రాష్ట్రాలను ఆదేశించింది. తెలంగాణలో ఆ కమిటీ మార్చి 15న ఏర్పడింది. మార్చి 30న జేసీబీలు దిగాయి. కమిటీ పని మొదలుపెట్టకముందే నరకడానికి అంత తొందరేమిటని కోర్టు అడిగింది ఇందుకే. రికార్డులో పేరు లేదంటే నేల మీద చెట్టు లేదని కాదు. ఏ భూమి అయినా రికార్డులోకి ఎక్కేదాకా ఎవరో ఒకరు అక్కడ చెట్లున్నాయని చూపిస్తూనే ఉండాలి, ఆ ఎవరో ఒకరు మీరే కావచ్చు.

రెండో వాదన కాస్త గుచ్చుకునేది. 'మీరు మాత్రం ఎక్కడ కట్టుకున్నారు? ఆ గుట్టలు చదును చేసే కదా మీ టవర్లు లేచాయి, మీరు లోపలికి వచ్చాక ఇప్పుడు తలుపు వేస్తారా?' నా అభిప్రాయంలో ఇందులో నిజముంది, దాన్ని ఒప్పుకోని అసోసియేషన్‌కు ఎవరూ గౌరవమివ్వరు. ఖాజాగూడ నుంచి నానక్‌రాంగూడ దాకా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండల్ని పేల్చి పరిచిన నేల మీదే ఈ ప్రాంతం లేచింది. ఆ బండల కోసం 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది, చాలామంది దాని మాట వినలేదు. కానీ పాత తప్పు కొత్త తప్పుకు లైసెన్సు కాదు. ఒకప్పుడు అడవి పోయిన చోట ఉంటున్నాం గనక మిగిలినది కూడా పోవాలనడంలో తర్కం లేదు. అయితే మీ డిమాండ్ అడవి కోసమా, మీ బాల్కనీ కోసమా అన్నది మిమ్మల్ని మీరే అడగాలి. ఇందుకు ఒక పరీక్ష ఉంది. అదే ఐటీ కారిడార్‌లో చెట్లు లేని ఖాళీ ప్లాటులో, మెట్రో స్టేషన్ పక్కన, మీ కిటికీకి అడ్డంగానైనా సరే పెద్ద కట్టడం వస్తే మీరు సరేనంటారా? అవునంటే మీ మాటకు బలముంటుంది. కాదంటే మీ పోరాటం ప్లాట్ల ధర గురించేనని ఎదుటివాడు గ్రహించడానికి ఎంతోసేపు పట్టదు. అక్కడ కట్టొద్దు అన్న ప్రతిసారీ ఎక్కడ కట్టవచ్చో కూడా చెప్పగలగాలి. నగరానికి ఇళ్లు కావాలి. రోజూ లింగంపల్లి రైల్లో నిలబడి వచ్చే సెక్యూరిటీ గార్డుకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు దగ్గర్లో అద్దె ఇల్లు కావాలి. ఆ అవసరాన్ని గుర్తించని పోరాటానికి వాళ్ల మద్దతు ఉండదు, ఉండాలని కోరే హక్కూ లేదు.

మూడోది ఉద్యోగాలు, ఆదాయం. 5 లక్షల ఉద్యోగాలంటే చిన్న మాట కాదు, నిరుద్యోగి అయిన కొడుకున్న ఇంట్లో అది ఎలా వినిపిస్తుందో ఊహించుకోవాలి. ఆ భూమిని చూపి బాండ్ల ద్వారా దాదాపు 10,000 కోట్లు సమీకరించిన ప్రభుత్వానికి కూడా దాని అవసరాలు దానికున్నాయి. జవాబు చెట్లు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అన్న దారిలో వెతకకూడదు, ఆ దారిలో ఎప్పుడూ చెట్లే ఓడిపోతాయి. అడగాల్సినది ఆ ఉద్యోగాలకు ఈ 400 ఎకరాలే ఎందుకు కావాలి అని. ఆఫీసు ఎక్కడైనా కట్టవచ్చు, లేఔట్ ఎటైనా జరపవచ్చు. నీటి గుంటలూ బండలూ పొదలూ జింకలూ కలిసి ఉన్న నేలను ఇంకోచోట కట్టలేం. బదులుగా మొక్కలు నాటుతామన్న హామీ కూడా ఇక్కడే నిలవదు. వరసగా నాటిన మొక్కల్లో చెట్లుంటాయి, ఆ జీవజాలం రాదు. జూబ్లీహిల్స్ నడిమధ్యన కేబీఆర్ పార్కు కూడా ఇంచుమించు 390 ఎకరాలే. 1998లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ఆ భూమి ధర లెక్కగట్టి ఐటీ పార్కు పెట్టి ఉంటే ఎన్ని ఉద్యోగాలు వచ్చేవని నేడు ఎవరూ అడగరు. పొద్దున్నే నడకకు వచ్చే మంత్రులూ, వ్యాపారులూ కూడా అడగరు. కంచ గచ్చిబౌలి విస్తీర్ణమూ అంతే.

రాజకీయం గురించి కూడా స్పష్టంగా ఉండాలి. ఏ ఉద్యమమైనా కాస్త పేరు తెచ్చుకోగానే ప్రతిపక్షం వచ్చి పక్కన నిలబడుతుంది, అధికార పక్షం దీని వెనక కుట్ర ఉందంటుంది. కంచ గచ్చిబౌలిలోనూ రెండూ జరిగాయి. ఈ 400 ఎకరాల చరిత్రలో ఒక పార్టీ ఇచ్చింది, ఇంకో పార్టీ రద్దు చేసింది, తర్వాత అదే పార్టీ అమ్మకానికి సిద్ధం చేసింది. ప్రతి పార్టీ నాయకుణ్నీ కలవండి, వినతిపత్రం ఇవ్వండి, మద్దతు ఇస్తే తీసుకోండి. కానీ మైకు మీ చేతిలోనే ఉంచుకోండి. బ్యానర్ మీద ఏ పార్టీ జెండా రంగూ రాకూడదు. వచ్చే ఎన్నికల తర్వాత ఎవరు కుర్చీలో ఉన్నా మీరు అదే సర్వే నంబరు పట్టుకుని అదే గది ముందు నిలబడాల్సి ఉంటుంది.

గెలుపు ఎలా ఉంటుందో కూడా ముందే తెలుసుకుంటే నిరాశ తగ్గుతుంది. చేవెళ్ల మర్రిచెట్ల కోసం జరిగిన పని ఇందుకు మంచి ఉదాహరణ. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేస్తే 900 దాకా మర్రిచెట్లు పోతాయని తెలిసినప్పుడు, ప్రకృతి ప్రేమికులు ముందు చేసిన పని ఆ దారి పొడవునా నడిచి ఒక్కో చెట్టునూ లెక్కపెట్టి, లొకేషన్‌తో సహా నమోదు చేయడం. ఆ జాబితాతోనే హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు పట్టింది, చివరికి ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేలా రోడ్డు డిజైన్ మారింది. రోడ్డు ఆగలేదు, చెట్లన్నీ మిగల్లేదు. అయినా అది గెలుపే. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రం వద్దని జరిగిన పోరాటం మాత్రం నిలవలేదు, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగిపోయింది. దేశ రక్షణ పేరు వచ్చిన చోట పౌరుల మాట చెల్లడం కష్టం. ఓటమి ఖాయమని తెలిసినా అక్కడివాళ్లు చేసిన నమోదు వృథా కాదు, మిగిలిన అడవికి ఏం జరిగిందో రేపు చెప్పాలంటే ముందు ఏముండేదో తెలియాలి కదా.

ఇంగ్లండ్‌లో, లండన్ అంచున ఉన్న ఎప్పింగ్ అడవి సంగతి చెబితే ఈ పని ఎంత పాతదో అర్థమవుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో భూస్వాములు ఆ అడవికి ముక్కలు ముక్కలుగా కంచెలు వేసుకుంటూ పోయారు. చలికాలంలో పొయ్యి కోసం కొమ్మలు నరుక్కునే తమ పాత హక్కును వదలనందుకు కూలివాళ్లు జైలుకు వెళ్లారు. ఆ పట్టుదల లండన్ కార్పొరేషన్‌ను కదిలించింది. ఆ అడవిలో పశువులు మేపుకునే ఉమ్మడి హక్కు పాత దస్తావేజుల్లో ఎలా నమోదై ఉందో వెతికి తీసి కోర్టుకెక్కితే 1874లో తీర్పు వాళ్ల వైపు వచ్చింది. 1878లో చట్టం వచ్చింది. అడవి ఇప్పటికీ ఉంది. కూలివాళ్ల ధైర్యం, పాత కాగితం రెండూ కలిశాకే అది సాధ్యమైంది.

స్టే వచ్చిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుందన్నది నా గట్టి నమ్మకం. మిఠాయిలు పంచుకుంటారు, టీవీలో మాట్లాడతారు, గ్రూపు చల్లబడుతుంది. కానీ స్టే అంటే తీర్పు కాదు. కంచ గచ్చిబౌలి కేసులో 2025 ఆగస్టులో కూడా సుప్రీంకోర్టు ప్రభుత్వానికి పునరుద్ధరణ ప్రణాళిక కోసం ఇంకా గడువు ఇస్తూనే ఉంది. అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదని, అది ప్రకృతిని కాపాడుతూ జరగాలని ధర్మాసనం ఆ సందర్భంలో చెప్పింది. అంటే ఆ నేల భవిష్యత్తు అప్పటికి ఇంకా రాసి పూర్తి కాలేదు. నరికిన 100 ఎకరాల్లో ఏ పొద మళ్లీ మొలిచింది, ఏ గుంట పూడిపోయింది, జింకలు ఎటు వెళ్లాయి అన్నది నెల నెలా ఎవరు రాస్తున్నారన్నదాన్ని బట్టే తర్వాతి వాయిదాలో మాట్లాడే బలం వస్తుంది.

మీరు కొండాపూర్‌లో ఉన్నా, నల్లగండ్లలో ఉన్నా, గోపనపల్లిలో ఉన్నా మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఇంకా ఒక చెరువు గట్టో, బండల గుట్టో, పొదల అడవో మిగిలే ఉంటుంది. ఈ వారంలోనే దాని సర్వే నంబరు కనుక్కోండి. ఇద్దరు పొరుగువాళ్లను వెంటబెట్టుకుని ఒక ఉదయం అక్కడికి వెళ్లి, చూసినవన్నీ తేదీతో సహా రాసి, ఫొటోల అసలు ఫైళ్లు ఒకచోట భద్రం చేయండి. మళ్లీ వచ్చే నెల వెళ్లండి.